ఎర యెవరిది?

పేరులోనే చేపను నిలుపుకొన్న పట్టణము మన మచిలీపట్టణము. అట్టి పట్టణమున నలుగురు చదువుకొన్నవారు కూడి చేపలవేటను గూర్చి మాటాడునపుడు వినవచ్చు మాటలు మూడే: హార్బరు, మరబోటు, ఎగుమతి. గిలకలదిండి రేవున ఎన్ని బోట్లు కట్టిరి, ఎంత రొయ్య పరదేశములకు బోయినది, ధర యెట్లున్నది అను ప్రసంగములే గాని, ఒక చిన్న పడవలో ఇద్దరు మనుష్యులు నాలుగు గాలములతోను, ఒక చిల్లుల బుట్టలో బ్రతికియున్న యెరతోను కృష్ణ మొగలయందును, వాని యెదుటి సముద్రమునందును జీవనము గడపుచున్నారన్న సంగతి యెవరికిని తట్టదు. తట్టినను, "ఆ పాతకాలపు వేట యిక నెన్నాళ్లు లెండి!" అని త్రోసివేయుదురు. ఈ మాట నిజము కాదని చెప్పుటకే మేమీ వ్యాసమునకు బూనుకొంటిమి. గాలపువేట తనంతట తాను పాతబడుటలేదు. దాని యెర యితరుల నోటికి బోవుచున్నది. ఎర పోయినచోట గాలమేమి చేయును?

మొదట నీ వేట యెట్టిదో కొంచెము చెప్పవలసియున్నది. మన గుడివాడ మిత్రులకు కాలువగట్టున గూర్చుండి కప్ప యెరతో కొరమీనును బట్టుట తెలిసినంతగా సముద్రపుటంచున జరుగు వేట తెలియదు. పులిగడ్డకడ కృష్ణ రెండు పాయలై, దివిసీమను నడుమ నుంచుకొని సముద్రమునకు బోవును. హంసలదీవి మొదలు నాగాయలంక దిగువను ఎదురుమొండి, నాచుగుంట దాక నేల యేదియో నీరేదియో చెప్ప వీలులేని ప్రదేశము. అందలి ఉప్పుటేళ్ల యొడ్డులను మడ, తిల్ల, పొన్న చెట్లు బురదలో కాలూని నిలిచియుండును. పోటు వచ్చినపుడు సముద్రపు నీరు ఆ వేళ్ల నడుమకు జొచ్చును. ఆ నీటితో రొయ్యపిల్లలును, వ్రేలెడేసి చేపపిల్లలును జొచ్చును. ఆటు తీయునపుడు అవి యన్నియు నొక సన్నని మొగగుండ మరల వెలికి రావలెను. ఆ మొగ వద్ద పండుగప్ప కాచుకొనియుండును. అది తరిమి తరిమి తినుటకంటె పొంచియుండి మ్రింగుట కలవాటుపడిన చేప. నోరు తెరచిన క్షణమున నీటితో గూడ నెరను లోనికి బీల్చుకొనును. చచ్చి తేలునది దాని కంటికానదు. నీటిలో తళుక్కుమని కదలునదే కావలెను.

కావుననే బ్రతికిన యెర కావలసివచ్చినది. వేటకాడు వేకువకు ముందే విసురువలతో ఉప్పుటేటిలో నెరను బట్టుకొనును. పట్టినదానిని చిల్లుల బుట్టలో నుంచి పడవ ప్రక్కను నీటిలో వ్రేలాడగట్టును. లేదా కుండలో బోసి మాటిమాటికి నీరు మార్చుచుండును. ఎండ తగిలినను, నీరు మార్చుట యాలస్యమైనను ఎర చచ్చును. ఎర చచ్చెనా, ఆనాటి వేటయు జచ్చినట్లే. ఇక గాలమునకు గ్రుచ్చుట మఱియొక విద్య. చేపపిల్లనైనచో వీపుమీది రెక్క క్రిందుగా, వెన్నెముక దగులకుండ గ్రుచ్చవలెను. రొయ్యనైనచో తలలో నల్లగా గనుపించు భాగమును దప్పించి, కొమ్ము మొదట గ్రుచ్చవలెను. ఆ నల్లని భాగము గాయపడినచో రొయ్య తక్షణమే చచ్చును. చీకటిలో, ఊగుచున్న పడవలో, తడిచేతులతో ఈ పని క్షణములో ముగించువారిని మేము చూచితిమి. మా వృత్తికి ఇంత చేతినేర్పు అక్కరలేకపోవుట మా యదృష్టమే యనుకొంటిమి. గాలము వేసిన పిమ్మట తాటిని వ్రేళ్లమీద నానించుకొని కూర్చుండుటయే. ఎర మామూలుగా నీదుచున్నదా, భయపడి కొట్టుకొనుచున్నదా యను భేదము ఆ వ్రేళ్లకు దెలియును. అమావాస్యకును పౌర్ణమికిని నీటి పరుగు హెచ్చు, అష్టమికి మందగించును. వేటకాడు చూచు పంచాంగము మన యింటి పంచాంగమే. దానితో మనము ముహూర్తములు పెట్టుకొందుము, అతడు మొగ యెప్పుడు పారునో లెక్కకట్టుకొనును.

బ్రతికిన ప్రాణిని గాలమునకు గ్రుచ్చుట హింస కాదా యని మా మిత్రులొకరు పఠనమందిరమున ప్రశ్నించిరి. హింసయే. కాదని మేము వాదింపబోము. కాని యా ప్రశ్న వేసిన వారింటికి సాయంకాలము రొయ్యలు తెచ్చిన వలలో ఆనాడు పనికిరానివని పారవేయబడిన చేపపిల్ల లెన్ని, ఊపిరాడక చచ్చిన సముద్రపు తాబేళ్లెన్ని యని మేమును అడుగుదుము. ఒక ప్రాణికి ఒక ప్రాణి యన్న లెక్క గాలపువానిది. గాలమున పడినది చిన్నదైనచో బ్రతికియుండగనే విప్పి నీటిలో విడుచుటకు వీలున్నది. ఈడ్చుకొనివచ్చు వలకు అట్టి పశ్చాత్తాపమునకు వ్యవధి లేదు.

ఇక్కడ పండుగప్ప జీవితమును గూర్చి యొక విశేషము చెప్పక తీరదు, ఏలయన మా వాదమంతయు దానిమీదనే నిలిచియున్నది. ఈ చేప మగదిగా పెరిగి, కొన్నేండ్లకు ఆడదిగా మారును. గ్రుడ్లు పెట్టుట మొగలకడ ఉప్పునీటిలో. పుట్టిన పిల్లలు పోటుతో మడకాలువలలోనికి జొచ్చి, అందు పెరిగి, కొన్ని మంచినీటిలోనికి సైతము ఎగబ్రాకి, పెద్దవైన పిదప మరల ఉప్పునీటికి దిగివచ్చును. మన ఆనకట్ట 1855 నాటికి పూర్తియైనది. ఆపై 1957 లో ప్రకాశము బరాజు వచ్చినది, ఎగువను నాగార్జునసాగరము, శ్రీశైలము వచ్చినవి. వానివలన అన్నము తినుచున్న మేము వానిని దూషింపము. కాని ఎగబ్రాకు చేపకు త్రోవ కురుచయైనదనియు, మొగకు వచ్చు మంచినీరు తగ్గినదనియు ఒప్పుకొనవలెను. మిగిలిన త్రోవ యంతయు బరాజు దిగువను పాయలలోను, మడకాలువలలోనే. అచ్చటనే ఎర పెరుగును. ఎరను దిను చేపయు నచ్చటనే పెరుగును. రెంటికిని తొట్టె యొక్కటి. తొట్టె విరిగినచో రెండును పోవును.

ఎరను కాపాడుకొనుటయే వేటను కాపాడుకొనుట యన్న సంగతి లక్షద్వీపములలోని మినికాయి ద్వీపమువారికి బాగుగ దెలియును. వారు తూరచేపను గడలకు గట్టిన గాలములతో పట్టుదురు. దానికి ముందు ద్వీపము చుట్టు పగడపుదిబ్బల నడుమ నున్న నిశ్చలజలములలో చిన్నచేపలను బట్టి, పడవ గర్భమున నీరు వచ్చి పోవునట్లు చేసిన అరలో బ్రతికించి కొనిపోదురు. తూరల గుంపు కనబడగనే ఆ చిన్నచేపలను చల్లి, నీటిని చిమ్మి, వానిని పడవ దగ్గరకు రప్పించుకొందురు. ఎరచేప దొరకని దినములలో అక్కడ తూరవేట నిలిచిపోవును. కావున సముద్రమున ఎంత తూర యున్నదని గాక, తమ యింటి ముంగిటి నీటిలో ఎంత ఎర యున్నదని వారు లెక్కించుకొందురు. మనకట్టి పగడపుదిబ్బలు లేవు. మనకున్నవి మడ అడవులు.

మఱి మన యెర యేమగుచున్నది? మొదటి వాటా మరబోటుది. 1952 లో నార్వే దేశముతో కుదిరిన యొడంబడికవలన నాటి తిరువాన్కూరు-కొచ్చిన్ తీరమున మొదలైన యంత్రపు పడవల పద్ధతి క్రమముగా దేశపు తీరమంతయు బ్రాకినది. అడుగున నేలనంటి ఈడ్చు వల రొయ్యకై వేసినదైనను, దాని కన్నులు సన్ననివి గనుక రొయ్యతో బాటు దొరికినదెల్ల తెచ్చును. అమ్ముడుపోవునది వేరుచేయగా మిగిలిన చిల్లర చేప యెండి, పొడియై, చెరువులలోని రొయ్యలకు మేతలో గలియును. ఆ రొయ్య మంచుపెట్టెలో అమెరికాకు బోవును. అనగా దివిసీమ వేటకానికి ఎర కావలసినది మూడు చేతులు మారి, సముద్రమున కావలితీరపు భోజనపు బల్లమీదికి జేరుచున్నది. దానిచే దేశమునకు ద్రవ్యము వచ్చుచున్న మాట నిజమే. ఆ ద్రవ్యమున గాలపువాని వాటా యెంతయని అడిగిన వారిని మాత్ర మింతవరకు మేము చూడలేదు.

రెండవ వాటా చెరువులది. 1980 తరువాతి సంవత్సరములలో టైగరు రొయ్య మోజు వచ్చినపుడు ఉప్పుటేళ్లలో సన్నని గుడ్డవలలతో రొయ్యపిల్లలను దేవిరి. కావలసిన పిల్ల నొకదానిని ఏరుకొని తక్కిన చేపపిల్లల నెల్ల గట్టుమీద పారబోసిరి. తరువాత పిల్లలు హేచరీలలో దొరకసాగినవి. 1994, 95 సంవత్సరములలో తెల్లమచ్చల తెగులు వచ్చి చెరువులు కూలినవి. 2009 తరువాత వెనామీ రొయ్య వచ్చి మరల లేచినవి. లేచినప్పుడును కూలినప్పుడును నష్టపడినది ఉప్పుటేరే. గట్టు వేసినచోట పోటు జొరదు. పోటు జొరనిచోట ఎర జొరదు. గుడివాడ, కైకలూరు ప్రాంతములలో బొచ్చెయు, శీలావతియు పెంచు మంచినీటి చెరువులు చూచి, చేప యనునది మేత వేసిన దొరకు పంట యని మనవారనుకొనుటకు అలవాటుపడిరి. సముద్రపు చేపకు మేత వేయువారు లేరు. దానికి మేత పెట్టునది మడచెట్టు రాల్చిన ఆకు.

న్యాయవాదులము గనుక చట్టపు సంగతి కొంత విస్తరించి చెప్పుదుము. ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్యవేట క్రమబద్ధీకరణ శాసనము 1994 నాటిది. దాని ననుసరించి తీరమునుండి 8 కిలోమీటర్ల వరకు గల జలములు సంప్రదాయపు పడవలకు ప్రత్యేకింపబడినవి. మరబోట్లు ఆ గీత కావలనే వేటాడవలెను. 20 మీటర్లకు మించిన పెద్దబోట్లు 23 కిలోమీటర్ల కావల. ఇది కాక ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు వేట నిషేధము. యంత్రము లేని దేశవాళి పడవలకు ఆ నిషేధము వర్తింపదు. కాగితముమీద చూచినచో చిన్నపడవవానికి ఇంతకంటె మేలైన చట్టము లేదు. ఏడాదిలో ఆ 61 దినములు సముద్రము వానిది. తక్కిన దినములలో 8 కిలోమీటర్లు వానివి.

అయినను నీటిమీద సరిహద్దురాయి పాతుట యెట్లు? రాత్రివేళ రొయ్యకొరకు మరబోటు తీరమునకు దగ్గరగా వచ్చును. గాలపుతాళ్లు దాని వలకు జిక్కి తెగిపోవును. తెల్లవారి ఫిర్యాదు చేయబోయిన వేటకానిని అడుగు ప్రశ్న: "తీరమునకు ఎంతదూరమున జరిగినది? సాక్ష్యమేమి?" చీకటిలో సముద్రముమీద నున్న మనుష్యుడు కిలోమీటర్లు కొలిచి చూపవలెనట! పొలము గట్టు తగాదాలో సర్వేయరు వచ్చి గొలుసు వేయును. ఇచ్చట గొలుసును ఫిర్యాదియే తేవలసియున్నది. మా యభిప్రాయమున రుజువు చేయు భారము తలక్రిందులుగా నున్నది. మరబోటు ఎచ్చటనున్నదో తీరమునకు దెలుపు ట్రాన్స్‌పాండరు యంత్రములను తీరరాష్ట్రములును కేంద్రపాలిత ప్రాంతములును కలిపి 13 ఇంటిలో లక్ష పడవలకు అమర్చు కార్యక్రమము 2024 ఆగస్టులో ప్రారంభింపబడినది. అది తుపాను హెచ్చరికల కొరకును, ప్రాణరక్షణ కొరకును ఏర్పడినదే కావచ్చును. కాని ఆ యంత్రము చెప్పు స్థానము హద్దు తగాదాలకును సాక్ష్యము కావలెను. యంత్రమును నిలిపివేసిన బోటు హద్దు మీరినదిగా భావింపబడి, మీరలేదని చూపుకొను భారము బోటు యజమానిమీదనే ఉండవలెను. ఇందులో అన్యాయమేమియు లేదు. తెలిసినవానినే చెప్పుమనుట సాక్ష్యశాస్త్రమున పాతమాటయే.

న్యాయస్థానములు ఈ విషయమున చిన్నవాని పక్షమున నిలువలేదని యెవరు ననజాలరు. కేరళ ప్రభుత్వము తన తీరజలములలో పెద్దవలలను నిషేధించినపుడు, సంప్రదాయపు మత్స్యకారుల జీవనమును రక్షించుటకై అట్టి నిషేధము చెల్లునని 1993 లో సుప్రీముకోర్టు నిర్ణయించినది. మఱి చెరువుల విషయమున జరిగినది వినదగినది. తమిళనాట గ్రామస్వరాజ్య ఉద్యమమునకు అధ్యక్షులును, గాంధేయులును నగు జగన్నాథన్ గారు వేసిన వ్యాజ్యమున 1996 డిసెంబరు 11 న న్యాయమూర్తి కుల్దీప్ సింగు గారి ధర్మాసనము తీర్పు చెప్పినది. తీరపు నియంత్రణ మండలములో సంప్రదాయపు పద్ధతివి తప్ప తక్కిన రొయ్యల చెరువులను 1997 మార్చి 31 లోగా తొలగింపవలెనని ఆజ్ఞాపించినది. మడ అడవులను, ఉప్పుకొటార్లను, గ్రామపు ఉమ్మడి భూములను చెరువులుగా మార్చరాదన్నది. తీర్పు వచ్చిన దినమున తీరములో జరిగిన సంతోషము కొన్ని నెలలైనను నిలువలేదు. పునర్విచారణలో అమలు నిలిచిపోయినది. పిదప 2005 లో పార్లమెంటు తీరప్రాంత జలచర సాగు ప్రాధికార శాసనమును జేసి, 1991 ఫిబ్రవరి 19 నాటి తీరపు ఉత్తరువులోని నిషేధము రొయ్యల చెరువులకు మొదటినుండియు వర్తింపనేలేదని వెనుకటి తేదీతో వ్రాసినది. కోర్టు చెప్పినదానిని శాసనసభ మార్చుట చట్టవిరుద్ధము కాదు. అయినను పదునాలుగేండ్ల వెనుకకుబోయి, ఉన్న నిషేధము లేనట్లు చేయుటలో గల నేర్పును జూచి మా వృత్తివారే ఆశ్చర్యపడిరి. ఆ శాసనము సైతము క్రొత్త చెరువులను పోటు హద్దునుండి 200 మీటర్ల లోపలను, తీరపు మండలములోని ఉప్పుటేళ్లలోను అనుమతింపలేదు. మిగిలిన యా కొంచెమునైనను మనము పట్టుకొనియుండవలదా?

మడ అడవుల కృష్ణా అభయారణ్యమును గూర్చియు ఒక మాట. 1989 లో ఏర్పడిన ఆ యరణ్యము విస్తీర్ణము సుమారు 195 చదరపు కిలోమీటర్లు. నీటిపిల్లికి అది యాటపట్టు. అడవి నిలిచియున్నందులకు మేము సంతసించువారమే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేలకొలది ప్రాణములు పోయిన దివిసీమకు సముద్రమెదుట ఒక చెట్లవరుస యుండుట యెంత యవసరమో యెవరును చెప్పనక్కరలేదు. కాని అడవిని గాచువారు కొందరు, విసురువలతో గుప్పెడు ఎర పట్టుకొనువానిని, ఇనుపకొక్కెముతో బొరియలోని పీతను లాగుకొను యానాదిని నేరస్థునిగా జూచుచు, అడవి యంచున గట్టు వేయు ఆసామిని "అయ్యా" యని పిలుచుట మాకు విచిత్రముగా నున్నది. సముద్రజలములను అభయారణ్యమున జేర్చునపుడు స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనములను కాపాడుటకు తగిన యేర్పాట్లు చేయవలెనని వన్యప్రాణి శాసనమే చెప్పుచున్నది. గాలపువాని ఎర ఆ వృత్తి ప్రయోజనములలో మొదటిది. దానికి ఒక చీటియో, ఒక హద్దో, కొన్ని నెలల విరామమో పెట్టినను వారంగీకరింతురు. ఉప్పుటేరు చచ్చిన తమ కడుపు చచ్చునని వారికి అధికారులకంటె ముందు తెలియును.

మరబోటువారిమీద మాకు పగ లేదు. ఆ బోటుమీద వల లాగు కూలి, గాలపు పడవలోనివానికి తమ్ముడో మేనల్లుడో అయియుండును. పల్లె యొక్కటే, కులము నొక్కటే. డీజిలు అప్పు తీరవలెనన్న తొందరలోనే బోటు తీరమునకు దగ్గరగా వచ్చుచున్నది గాని సరదాకు గాదు. లోతునీటి వేటకు దగిన పరికరములకును, మంచునకును ప్రభుత్వము సహాయము చేసినచో వారీ గీత దాటవలసిన యగత్యము తగ్గును. విశాఖ తీరమున చిన్న తెప్పలవారే చేతిగాలములతో తూరను బట్టితెచ్చుచున్నారు. గాలము పాతదే, సముద్రము లోతైనది. దూరము పోవుట యెట్లో యా తెప్పవానిని జూచి మన బోటు యజమానులు నేర్చుకొనిన తప్పులేదు.

నాగాయలంక ప్రాంతమున కృష్ణనీటిలో వలపంజరములు గట్టి పండుగప్పను పెంచుట మొదలైనది గదా, ఇక మొగలలో వెదకుట యెందులకని కొందరందురు. పంజరములోని చేపకును మేత చేపయే. ఆ చిన్నచేప యెక్కడనుండి రావలెనన్నది మా మొదటి ప్రశ్నయే గాని క్రొత్తది కాదు.

జూను 14 తో నిషేధము ముగియును. 15 వ తేది వేకువను మరబోట్లు గిలకలదిండి రేవు వదలును. అవి యెనిమిదవ కిలోమీటరు దాటిన పిదపనే వల దించుచున్నవో లేదో చూచుటకై, ఆనాటినుండి పదునైదు దినములపాటు మత్స్యశాఖ యుద్యోగి నొకనిని, చిన్నపడవవారి పక్షమున నొకనిని ఒకే పడవలో పంపవలెనని జిల్లా కలెక్టరుగారికి అర్జీ వ్రాసితిమి. ఉప్పుటేళ్ల మొగలయందు ఈ పదేండ్లలో పడిన గట్ల పట్టికను సర్వే నెంబర్లతో దయచేయుడని రెండవ అర్జీ. రెండును పఠనమందిరపు బల్లమీద నున్నవి. సంతకము చేయదలచినవారు ఆదివారము సాయంకాలములోగా చేయవలెను. సోమవారము ఉదయము మేము వానిని కచేరికి గొనిపోవుదుము.